మా బండికి కొత్త ఫిల్టర్ వేసిన ఏడాది

మా ఇంట్లో లారీని లారీ అని ఎవరూ అనరు, బండి అంటారు. డీజిల్ పోయించుకొని వస్తే "బండికి నీళ్లు చూపించినా" అంటాడు మా మామ. షెడ్డులో పెడితే కట్టేసినట్టు, రోడ్డెక్కితే మేతకు పోయినట్టు. నవ్వుకోవడానికే అనేవాడు గాని, వినగా వినగా అందరికీ అదే మాట నోట్లో నిలిచిపోయింది.

నేను పుట్టింది ధర్మవరంలో, మగ్గాల సందులో. మా నాయన సేద్యం వదిలి మగ్గం పట్టినవాడు. నేను చదివింది ఐదో తరగతి దాకానే. పెండ్లయి పెనుకొండకు కాపురానికి వచ్చిన రోజు గడప మీద బియ్యం చెంబు పెట్టి ఉంది. కుడికాలు ఎత్తబోతుంటే మామ అడ్డం వచ్చాడు.

"ఉండమ్మణ్ణీ. ముందు బండికి దండం పెట్టు, ఆమేట ఇల్లు. అది తెచ్చి పెడితేనే మనం తినేది."

పట్టుచీరతో, ఒడిలో బియ్యంతో, వాకిట్లో నిలిపి ఉన్న లారీ ముందర నిలబడి దండం పెట్టాను. పక్కనున్న ఆడవాళ్లు నవ్వారు. మామ నవ్వలేదు.

ఆయన ఎందుకు నవ్వలేదో తర్వాత తెలిసింది. ఆయన వయసంతా ఇంకొకరి లారీల మీద పోయింది. హిందూపురం మార్కెట్లో చింతపండు, బెల్లం ఎత్తుకొని ఎక్కడెక్కడికో తోలేవాడు. ఒకసారి రోడ్డు మీద ఉండగా వాళ్లమ్మ పోయిందని కబురు వచ్చిందట. లోడు దించి, బండి అప్పజెప్పి పొమ్మన్నాడట ఓనరు. దించి వచ్చేసరికి మన్ను కూడా వేసేశారు. ఆ రోజే అనుకున్నాడట, కొడుకు మాత్రం ఇంకొకరి బండి స్టీరింగు పట్టకూడదని. రొద్దం పక్కన ఉన్న మెట్ట చేను అమ్మి ఈ పాత లారీ కొన్నాడు. మా అత్త అప్పటికే లేదు. ఉండి ఉంటే చేను అమ్మనిచ్చేది కాదని మామే చెప్తాడు.

నేను వచ్చిన కొన్నేండ్లకు మామకు మోకాళ్లు పోయాయి, కండ్లు మసక వచ్చాయి. ఒక కంటికి ఆపరేషన్ చేయించాము, అది అంతంత మాత్రమే. రెండో కంటికి ఒప్పుకోలేదు. స్టీరింగు మా ఇంటాయన చేతికి వచ్చింది. అప్పుడు మామకు మిగిలిన పని ఒక్కటే, అమావాస్య పని.

మా పక్క అమావాస్య రోజు బండికి పూజ చేస్తారు. ఆ పొద్దు లోడు ఎత్తరు. బోరు దగ్గర కడిగి, పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయలు కట్టి, గుమ్మడికాయ కొడతారు. అందరూ చేసేది అంతే. మా మామ ఇంకొకటి చేసేవాడు. ఇంజనుకు గాలి పోయే దారిలో ఒక ఇనుప డబ్బా ఉంటుంది, అదే గాలి ఫిల్టరు. పాత బండ్లలో ఆ డబ్బా అడుగున ఇంజనాయిలు పోసి ఉంటుంది, పైన తీగల జల్లెడ. దుమ్ము వచ్చి ఆయిల్లో పడిపోతుంది, గాలి మాత్రం ఇంజన్లోకి పోతుంది. మామ దాన్ని విప్పించుకొని ఒడిలో పెట్టుకునేవాడు. ఆయిల్లో పేరుకున్న బురద తీసి, జల్లెడను డీజిల్లో కడిగి, నీడన ఆరబెట్టి, కొత్త ఆయిలు గీత దాకా పోసి ఇచ్చేవాడు. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం సంగటి పొద్దుకు లేచేవాడు. పసిబిడ్డకు ముక్కు చీదించినట్టు చేసేవాడు ఆ పని.

"మనిషికి ముక్కు ఎంతో బండికి ఇది అంత మ్మే" అనేవాడు నాతో. "ఇది మూసుకుంటే ఎంత తిన్నా వొంటికి పట్టదు."

పండగ రోజైనా, జ్వరం ఉన్నా మానలేదు. కండ్లు కనపడకుండా ఎట్లా చేస్తావు మామా అంటే, "నా యేళ్లకు కండ్లుండాయి" అనేవాడు.

మా బండి అప్పుడు రొద్దం దారిలో ఉన్న కంకర మిషను దగ్గర తిరిగేది. అక్కడ కంకర ఎత్తుకొని హిందూపురానికో ధర్మవరానికో పోయి దించి రావాలి. కంకర మిషను దగ్గర దుమ్ము ఎట్లా ఉంటుందంటే, మా ఇంటాయన ఇంటికి వచ్చి తువ్వాలు విదిలిస్తే సున్నం కొట్టిన గోడ నుంచి లేచినట్టు లేచేది. కనురెప్పల మీద కూడా తెల్లగా ఉండేది. మా పక్కింటామె "మీ ఆయన ముసిలోడు అయిపోయినాడే" అని ఎగతాళి చేసేది.

దుమ్ముతో మాకు పేచీ లేదు, అలవాటే. పేచీ వచ్చింది కొత్త బండ్లతో. మిషను కాడికి పెద్ద పెద్ద కొత్త టిప్పర్లు వచ్చాయి. ముందు వచ్చిన బండికి ముందు లోడు. మాది పాత బండి. ఖాళీగా బాగానే పోయేది, లోడు మీద ఎత్తు వస్తే మాత్రం గసపెట్టేది. పెనుకొండ దగ్గర కొండ పక్కన ఎత్తు, గాటు అంటారు దాన్ని, ఎక్కేటప్పుడు నల్లగా పొగ చిమ్ముతూ, ఫస్టు గేరులో, నడిచిపోయే మనిషితో సమానంగా పోయేది. మేము తిరిగి వచ్చేసరికి మిగిలినవాళ్లు ఇంకో లోడుకు వరుసలో నిలబడి ఉండేవాళ్లు.

మిషను దగ్గర లోడు చూసే ఆయనకు నోరు ఎక్కువ. నేను ఒకసారి మా ఇంటాయనకు బువ్వ క్యారియర్ ఇవ్వడానికి పోయినప్పుడు నా ముందరే అన్నాడు.

"ఏమప్పా, నీ బండి గాటెక్కే లోపల నేను పెండ్లి చేసుకొని పిల్లోల్ని కూడా కంటా."

"నీకెవరిస్తారబ్బా పిల్లని?" అన్నాడు మా ఇంటాయన. చుట్టూ ఉన్న డ్రైవర్లందరూ నవ్వారు.

అతనూ నవ్వాడు. నవ్వి, కొంచెం గొంతు దించి, "నవ్వులాటకి కాదప్పా. పైనోళ్లు చూస్తాండారు. ఊరికే వరుసలో నిలబడే బండ్లు వద్దంటాండారు. ఏమన్నా చేసుకో. లేకపోతే బండి ఇంట్లో పెట్టి రా, మా కొత్త బండ్లకి డ్రైవర్లు కావల్ల" అన్నాడు.

ఆ చివరి మాట మా ఇంటాయనకు ముల్లు గుచ్చుకున్నట్టయింది. క్యారియర్ నా చేతిలోంచి తీసుకొని మూత కూడా విప్పలేదు. ఇంటికి వచ్చాక మామకు ఆ మాట చెప్పలేదు. చెప్తే ఏమవుతుందో మా ఇద్దరికీ తెలుసు.

ఆ తర్వాత హిందూపురంలో స్పేర్ పార్టుల అంగడికి పోయాడు. నేనూ వెంట ఉన్నాను, మామ కంటి చుక్కల మందు కోసం వచ్చాను. అంగడాయన బండి సంగతి అంతా విని, గల్లా పెట్టె మీద మోచేతులు పెట్టి చెప్పాడు.

"ఇంజను బాగుండాది కదా? అయితే దానికి గాలి చాల్లేదు, అంతే. ఆ ఆయిలు డబ్బా ఏ కాలం నాటిదో. కొత్త బండ్లకి వచ్చే పేపరు ఫిల్టరు ఎయ్యి. డబ్బా పెద్దది, గొట్టం పైకి పెట్టిస్తే దుమ్ము కూడా తక్కువ లాగుతాది. పికప్పు చూడు నువ్వు."

"పేపరంటే కాగితమేనా అన్నా?" అన్నాను నేను, ఉండబట్టలేక.

"కాగితమే చెల్లీ. అయితే నీ పిల్లోల బుక్కుల కాగితం కాదు" అని, ఒకటి తెచ్చి చూపించాడు. గుండ్రంగా, లోపల బోలుగా, చుట్టూ కాగితం మడతలు మడతలుగా. కుచ్చిళ్లు పెట్టిన చీరలాగా ఉంది. "ఒక మాట ఇనుకో. దీన్ని కడగకూడదు. నీళ్లు తగలకూడదు, డీజిలు తగలకూడదు, ఆయిలు తగలకూడదు. దుమ్ము పడితే ఊరికే మెల్లగా తట్టల్ల. కాలం అయిపోతే పారేసి కొత్తది ఎయ్యల్ల. కక్కుర్తి పడొద్దు."

ఇంటికి వచ్చి చెప్తే మామకు ముందు నవ్వు వచ్చింది.

"ఇంజనుకి కాగితం అడ్డం పెడతావా? అయితే నీ పెండ్లి కార్డులు మిగిలిండాయి చూడు అటక మీద, అవి పెట్టు. ఇంగా బాగా లాగుతాది."

"నాయనా, కొత్త బండ్లన్నిటికీ అదే."

"కొత్తోళ్లు కొత్తగా చేస్తారు. ఆ డబ్బా ఇన్నేండ్లు నీకేం తక్కువ చేసింది?"

"బండి ఎత్తు ఎక్కలేకుండాది నాయనా."

తన చేతిలో ఉన్న రోజుల్లో బండి ఎక్కింది కదా అని మామ మనసులో ఉండి ఉంటుంది. తర్వాత, "కడగకూడదంటాండావు. ఆయిలు పొయ్యకూడదంటాండావు. మల్ల నేనేం చెయ్యల్ల దానికి?" అన్నాడు.

ఆ మాట ఆయన ఫిల్టరు గురించి అడగలేదని నాకు అర్థమయింది. మా ఇంటాయనకూ అర్థమయింది. అందుకే, "దుమ్ము దులపల్ల నాయనా. మెల్లగా. నువ్వే చెయ్యల్ల, నాకు చేతకాదు" అన్నాడు.

కొత్త డబ్బా, గొట్టం, ఫిల్టరు పెట్టించాము. పాత డబ్బాను మామ పారేయనివ్వలేదు, కడిగి గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టించాడు.

నిజం చెప్పాలి, బండి మారిపోయింది. ఆ వారంలోనే మా తమ్ముని బిడ్డకు చెవులు కుట్టించడం ఉండి ధర్మవరం పోవలసి వచ్చింది. కంకర లోడు అటే ఉండడంతో నేనూ క్యాబిన్లో ఎక్కాను. మిషను దగ్గర ఎత్తుకొని బయలుదేరాము. ఎత్తు దగ్గరకు వచ్చేసరికి నేను అలవాటుగా ముందు కమ్మీ గట్టిగా పట్టుకున్నాను. మా ఇంటాయన గేరు దించడానికి చెయ్యి వేసి, వేసినవాడు వేసినట్టే ఉండిపోయాడు. బండి దించమని అడగలేదు. అట్లానే ఎక్కేసింది. అద్దంలో చూస్తే వెనక పొగ కూడా లేదు. పైకి వచ్చాక ఆయన నా వైపు తిరిగి పండ్లన్నీ కనపడేలా నవ్వాడు. చెన్నేకొత్తపల్లిలో ఆపి నాకు మిరపకాయ బజ్జీలు కొనిచ్చాడు.

"తినే. ఈ పొద్దు బండి ఇచ్చింది ఇది."

మా పెండ్లయినాక ఆయన అంత సంతోషంగా ఉన్న రోజు అదొక్కటే అని నాకు ఇప్పుడు అనిపిస్తుంది. ఆ రోజు అట్లా అనిపించలేదు. ఇంక అన్ని రోజులూ అట్లానే ఉంటాయనుకున్నాను.

మిషను దగ్గర ఎగతాళి ఆగింది. వరుసలో మా బండి ముందుకు వచ్చింది. మామకు కూడా లోపల సంతోషంగానే ఉంది, పైకి మాత్రం "గొట్టం చూడు, ఏనుగు తొండం మాదిరి" అని సణిగేవాడు.

అమావాస్య వచ్చింది. ఫిల్టరు తీసి మామ ఒడిలో పెట్టారు. ఆయన దాన్ని చాలాసేపు చేతులతో తడిమాడు. చెప్పినట్టే మెల్లగా తట్టాడు, దుమ్ము రాలింది. ఇంకా తట్టాడు, ఇంకా రాలింది. వేళ్లు మడతల్లోకి పెడితే లోపల మెత్తగా దుమ్ము తగులుతోంది. వేళ్లు లోపలికి పోవు. నన్ను పిలిచాడు.

"అమ్మణ్ణీ, పొరక తీసుకురా. కొత్త పొరక."

పొరక అంటే చీపురు. తెచ్చి ఇస్తే, అందులోంచి గట్టి పుల్ల ఒకటి ఏరి, కొన వాసన చూసినట్టు ముక్కు దగ్గర పెట్టుకొని, మడతలో దూర్చి పై నుంచి కిందికి గీసుకుంటూ వచ్చాడు. సన్నగా దుమ్ము జారి పడింది. తర్వాత పక్క మడత. తర్వాత దాని పక్కది. మడత అడుగున పేరుకున్నది రాకపోతే పుల్ల కొనతో పొడిచి పొడిచి కదిలించేవాడు. చుట్టూ తిరిగి వచ్చేసరికి సంగటి పొద్దు దాటిపోయింది. నీళ్లు తగలనివ్వలేదు, డీజిలు తగలనివ్వలేదు, ఆయిలు తగలనివ్వలేదు. చెప్పింది చెప్పినట్టు విన్నాడు. ఆ తర్వాత ప్రతి అమావాస్యకూ అదే పని.

మా ఇంటాయన వారమంతా నిద్ర లేక ఆ రోజు వసారాలో పడి నిద్రపోయేవాడు. లేచి వచ్చి చూసేసరికి ఫిల్టరు అంగడి నుంచి తెచ్చినప్పుడు ఎంత తెల్లగా ఉందో అంత తెల్లగా ఉండేది. "ఏం చేసినావు నాయనా ఇంత బాగా!" అని మెచ్చుకునేవాడు. మామ ఆ పూట ఒక ముద్ద ఎక్కువ తినేవాడు. వీధిలో పోయేవాళ్లు కూడా నిలబడి చూసి, ముసిలాయన ఓపికే ఓపిక అనేవాళ్లు. మా ఇంటాయన మధ్యలో ఒక కొత్త ఫిల్టరు కొని తెచ్చాడు, మార్చే కాలం వచ్చిందని. మామ పాతదాన్ని చేతికిచ్చి, "దీనికేమయింది చెప్పు. కొత్తదే కదా. దుడ్లు చెట్లకు కాస్తాండాయా?" అన్నాడు. నిజంగానే కొత్తదానిలాగా ఉంది. కొత్త ఫిల్టరు అట్టపెట్టెలో అట్లానే అల్మారాలోకి పోయింది.

ఎండాకాలం వచ్చేసరికి బండి శబ్దం మారింది. మా వీధి మొదట్లో మలుపు తిరిగేటప్పుడు ఇంట్లో ఉన్న మాకు తెలిసిపోతుంది, మా బండేనని. ఇప్పుడు ఆ శబ్దంలో ఏదో బొంగురు చేరింది. పొద్దున స్టార్టు చేస్తే నీలంగా పొగ వచ్చేది. నల్ల పొగ మాకు తెలుసు, నీలం పొగ కొత్త. ఇంజనాయిలు పోసిన రెండు రోజులకే తగ్గిపోయేది. లోడు మీద ఎత్తు దగ్గర మళ్లీ ఫస్టు గేరు. తర్వాత తర్వాత ఫస్టు గేరులో కూడా వణికేది.

"చూసినావా" అన్నాడు మామ. "నేను చెప్తే ఇన్నావా."

ఒకరోజు చెన్నేకొత్తపల్లి ఇవతల లోడుతో ఆగిపోయింది. ఇంక కదల్లేదు. ఆ కంకరను వేరే బండిలోకి మార్చి పంపించి, మా బండిని లాక్కొని హిందూపురం మేస్త్రి షెడ్డుకు తీసుకుపోయారు. మరుసటి రోజు పొద్దున మా ఇంటాయన ఒక్కడే పోలేక నన్ను రమ్మన్నాడు. మామ కూడా వస్తానన్నాడు గాని బస్సు ఎక్కలేడని ఆపాము.

మేస్త్రి మాకు ఎప్పటినుంచో తెలిసినవాడే. ఫిల్టరు తర్వాత ఇంజన్లోకి పోయే గొట్టం విప్పి, లోపల వేలు పెట్టి తీసి మా ఇంటాయనకు చూపించాడు. వేలికి పిండి అంటుకున్నట్టు తెల్లగా కంకర దుమ్ము.

"ఇది ఈడ ఉండకూడదప్పా. ఫిల్టరు ఇవతల ఒక్క పలుకు ఉండకూడదు. ఇంజను ఇదే తిన్నాది ఇన్ని నెల్లు. లోపల పిస్టను ఆడే బోరంతా అరిగిపోయింటాది."

"ఫిల్టరు బాగుంది కదన్నా, తెల్లగా ఉండాది."

మేస్త్రి ఫిల్టరు తీశాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు, ఏమీ కనపడలేదు. సెల్లు ఫోను లైటు వేసి ఫిల్టరు బోలులో నిలబెట్టి, దాన్ని ఎత్తుకొని షెడ్డు వెనక చీకటి గదిలోకి నడిచాడు. మేమిద్దరం వెనకే పోయాము.

నేను దాన్ని చూసిన క్షణంలో మా పుట్టిల్లు గుర్తొచ్చింది. మగ్గం మీద చీర అంచు డిజైను కోసం అట్టలు వేలాడదీస్తారు, ఆ అట్టలకు వరుసగా సన్నసన్న చిల్లులు పొడిచి ఉంటాయి. పొద్దున కిటికీ వెలుతురు వాటిలోంచి పడితే చూడముచ్చటగా ఉంటుంది. ఫిల్టరు అట్లా ఉంది. ప్రతి మడత అడుగునా, పై నుంచి కింద దాకా, చుక్కలు చుక్కలుగా వెలుగు. ఒక్క మడత కూడా తప్పిపోలేదు.

మేస్త్రి ఈల వేశాడు. "ఎవరు పొడిచినారప్పా దీన్ని ఇట్ల?"

మా ఇంటాయన ఆ చుక్కల వైపే చూస్తున్నాడు. నేను ఆయన వైపు చూస్తున్నాను.

"ఎలకలన్నా" అన్నాడు. "షెడ్డులో ఎలకలుండాయి."

"ఎలకలా! ఎలకలు వరస తప్పకుండా పొడుస్తాయా? మీ ఊరి ఎలకలు బడికి పోయినట్టుండాయే" అని నవ్వాడు మేస్త్రి. మా ఇంటాయన నవ్వకపోయేసరికి అతనికి ఏదో తట్టింది. లైటు ఆర్పి, ఇంకేమీ అడగకుండా ఇంజను దగ్గరకు పోయాడు. ఇంజను మొత్తం విప్పాలని, విప్పినా ఆ పాత ఇంజను మీద అంత పెట్టడం తనైతే చెయ్యనని చెప్పాడు. చెప్పేటప్పుడు మా మొహాలు చూడలేదు.

బస్సులో తిరిగి వచ్చేటప్పుడు, పరిగి దాటాక మా ఇంటాయన నా వైపు వంగాడు.

"నాయనకు చెప్పొద్దు" అన్నాడు.

"చెప్పకపోతే నిన్నంటాడు. నువ్వు మార్చిన ఫిల్టరు కదా, దానివల్లే పోయిందంటాడు."

"అననీ."

"ఎన్ని దినాలంటావు ఇట్ల?"

"అననీలేవే. బండి ఎట్లాగూ పోయింది. తన చేత్తోనే పోయిందని తెలిస్తే ఆయన ముద్ద మింగుతాడా? ఆయనకు ఉండేది ఆ చేతులే." కిటికీ వైపు తిరిగి, "నేనే కదా నువ్వు చెయ్యల్ల నాయనా అన్నింది" అన్నాడు.

ఆ నెలంతా ఆయన తిరగని చోటు లేదు. ఇంజను చేయించడానికి సాయం చేస్తామన్నవాళ్లు బండి వయసు విని వెనక్కు తగ్గారు. మిషను దగ్గర మా వరుసలోకి వేరే బండి వచ్చేసింది. చివరికి ధర్మవరం నుంచి ఒకాయన వచ్చి బండి చూసుకొని తీసుకుంటానన్నాడు. ఆయన బండ్లు కొనేది తోలడానికి కాదు, కోసి ఇనుము అమ్మడానికి. ఆ సంగతి మామకు చెప్పలేదు. ఎవరో తోలుకునేవాళ్లే అనుకున్నాడు.

హిందూపురంలోనే అమ్మేసి వచ్చేవాళ్లమే. మామ బండిని చూడాలన్నాడు. ఆ పెద్దమనిషి ఒప్పుకొని, ధర్మవరం లాక్కుపోతూ దారిలో మా వాకిట్లో ఆపాడు. మామ కర్ర పట్టుకొని బండి చుట్టూ తిరిగాడు. టైర్లు తడిమాడు. తర్వాత నన్ను పిలిచి అటక మీద ఉన్న గోనెసంచి దించమన్నాడు. దించి ఇచ్చాను. పాత ఆయిలు డబ్బా విప్పి, కొన్నాయన చేతికి ఇచ్చాడు.

"అప్పా, ఒక మాట ఇను. ఆ కాగితం పీకేసి ఇది పెట్టుకో. నా కొడుకు తెలివి ఎక్కువై బండిని పాడు చేసినాడు. ఇది పెట్టుకుంటే ఇంగా పదేండ్లు లాగుతాది నీకు. అమావాస్యకు ఒకసారి కడుక్కో. చేతకాకపోతే తీసుకురా, నేను కడిగి ఇస్తా."

కొన్నాయన మా ఇంటాయన వైపు చూశాడు. మా ఇంటాయన తల కొంచెం ఊపాడు.

"అట్లే పెద్దాయనా" అన్నాడు ఆయన. డబ్బాను క్యాబిన్లో సీటు మీద పెట్టుకున్నాడు. ముందర లాగే బండి కదిలింది, వెనక మాది చప్పుడు లేకుండా పోయింది.

ఇప్పుడు మా ఇంటాయన అదే మిషను దగ్గర వాళ్ల కొత్త టిప్పరు తోలుతాడు. ఆ బండికి ఏసీ కూడా ఉంది. బానెట్టు మాత్రం ఎత్తకూడదు, ఏం వచ్చినా కంపెనీవాళ్లే వచ్చి చూసుకుంటారు. సెలవు కావాలంటే ముందే అడగాలి. మొన్న మా పెద్దమ్మాయికి ఒళ్లు బాగాలేదని ఫోను చేస్తే, లోడు దించి వస్తానన్నాడు. దించి వచ్చేసరికి జ్వరం తనంతట తానే తగ్గిపోయింది. అదృష్టం అనుకోవాలి.

మామ ఆయనతో నేరుగా మాట్లాడడం తగ్గించాడు. ఏమన్నా కావాలంటే నాతో చెప్తాడు, పక్కనే ఆయన కూర్చొని ఉన్నా. ఇంటికి ఎవరు వచ్చినా మాత్రం ఆ కథ చెప్తాడు. ఆయనకు చదువు రాదు, ఇది ఎవరూ చదివి వినిపించరు కాబట్టి నేను రాయగలుగుతున్నాను.

పోయిన ఆదివారం మామ చెల్లెలి కొడుకు వచ్చాడు. మా ఇంటాయన వసారాలో సంగటి తింటున్నాడు. మామ మంచం మీద నుంచి మొదలుపెట్టాడు.

"చేను అమ్మి తెచ్చిన బండప్పా. బంగారం మాదిరి ఉండె. ఈయన మాట ఇనల్యా. ఇంజనుకి కాగితం పెట్టినాడు కాగితం. నా చేతుల్లో ఉన్నన్నాళ్లు దానికి ఒక్క దెబ్బ తగల్యా. ఇప్పుడు పోయి మందికి జీతం చేస్తాండాడు."

వచ్చినవాడు ఇబ్బందిగా, "పోనీలే మామా, అయిపోయింది కదా" అన్నాడు.

"ఏం అయిపోయిందిరా? నాకు అయిపోయిందా?" అన్నాడు మామ. చేతులు రెండూ ఎత్తి చూపించాడు.

నా నోటి దాకా వచ్చింది మాట. గిన్నె పట్టుకొని వాకిలి దగ్గర నిలబడి ఉన్నాను. మా ఇంటాయన తల ఎత్తి నా మొహం చూశాడు, ఒక్కసారి. తర్వాత కంచం ముందుకు జరిపాడు.

"రవ్వంత పప్పు వెయ్యి" అన్నాడు.

వేశాను. తినడం మొదలుపెట్టాడు. మామ ఇంకా చెప్తూనే ఉన్నాడు.